ప్యాకేజీ పేరు చూడండి: పెర్ల్ ఆబ్జెక్టుల్లో మెథడ్లు దారితప్పే తీరు

పెర్ల్ ఆబ్జెక్టు మాడ్యూల్ మొరాయించినప్పుడు మాటిమాటికీ ఎదురయ్యే ఎర్రర్ ఒకటుంది: ఫలానా ప్యాకేజీ ద్వారా ఫలానా మెథడ్ దొరకలేదు. చదవగానే కన్ను మెథడ్ పేరు మీదికి పోతుంది. స్పెల్లింగ్ చూస్తాం, సరిగ్గానే ఉంటుంది. ఫైలు తెరుస్తాం, సబ్‌రొటీన్ నిక్షేపంలా అక్కడే ఉంటుంది. ఇక భాషను తిట్టుకోవడం మొదలవుతుంది. నిజానికి ఆ వాక్యంలో పనికొచ్చే సమాచారమంతా రెండో పేరులో, అంటే ప్యాకేజీ పేరులో ఉంది. మెథడ్ పేరు మనం రాసిందే కాబట్టి మనకు తెలుసు. పెర్ల్ ఎక్కడికెళ్ళి వెతికిందో మాత్రం తెలియదు. ప్యాకేజీ పేరు చెప్పేది అదే. మనం అనుకున్న చోటా, పెర్ల్ వెతికిన చోటా ఒకటి కాదని తేలిందంటే సగం పని అయినట్టే.

1987 డిసెంబరులో లారీ వాల్ విడుదల చేసిన మొదటి పెర్ల్‌లో ఆబ్జెక్టులు లేవు. 1994 అక్టోబరులో పెర్ల్ 5 తో వచ్చాయి. వాటికోసం కొత్త యంత్రాంగమేదీ కట్టలేదు. అప్పటికే ఉన్న ప్యాకేజీలకు, అదే విడుదలలో కొత్తగా వచ్చిన రిఫరెన్సులకు మూడు నియమాలు జోడించారు. క్లాసు అంటే ప్యాకేజీ. ఆబ్జెక్టు అంటే «బ్లెస్» చేసిన రిఫరెన్స్. మెథడ్ అంటే మొదటి ఆర్గ్యుమెంటుగా ఆ ఆబ్జెక్టునో క్లాసు పేరునో అందుకునే మామూలు సబ్‌రొటీన్. వారసత్వం కావాలంటే «@ఈజ్‌ఎ» అనే అర్రేలో తల్లి క్లాసుల పేర్లు రాసుకోవాలి. అంతే. ఇంత చిన్న ఏర్పాటు మీద ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్ నిలబడటం ఆశ్చర్యమే. కానీ దాని తప్పులన్నీ కూడా ఆ చిన్నతనం నుంచే పుడతాయి.

బాణం గుర్తుతో ఒక మెథడ్‌ను పిలిచినప్పుడు మూడు సంగతులు విడివిడిగా తేలాలి. ఆబ్జెక్టు ఏ ప్యాకేజీలోకి బ్లెస్ అయింది? ఆ సబ్‌రొటీన్ ఏ ప్యాకేజీలో ఉండగా కంపైల్ అయింది? ఆ ప్యాకేజీ ఏ ఫైలు నుంచి లోడ్ అయింది? రాసేవాళ్ళు ఈ మూడూ ఒకటేనని అనుకుంటారు. పెర్ల్ అలా అనుకోదు. ఇవి ఎప్పుడు ఎక్కడ విడిపోయాయో పట్టుకోవడమే ఈ రోగాలన్నిటికీ నాడి చూడటం.

బ్లెస్ దగ్గర జారే కాలు

తేలికైన వాటితో మొదలుపెడదాం. «1» అనే ప్యాకేజీ ద్వారా మెథడ్ దొరకలేదు, «1» ని లోడ్ చేయడం మరిచారేమో అని పెర్ల్ అడిగిందంటే కొత్తవాళ్ళు బిత్తరపోతారు. ఒకటి అనే పేరుతో ప్యాకేజీ ఎవరు రాశారు? ఎవరూ రాయలేదు. మెథడ్ మొదటి వరుసలో «మై ($సెల్ఫ్) = @_» అనాల్సింది బ్రాకెట్లు మరిచి «మై $సెల్ఫ్ = @_» అన్నారు. అర్రేను స్కేలర్‌కు ఇస్తే దక్కేది దాని లెక్క. ఆర్గ్యుమెంటు ఒక్కటే కాబట్టి $సెల్ఫ్ విలువ 1 అయింది. కన్‌స్ట్రక్టర్ చివర $సెల్ఫ్‌ను తిరిగివ్వడం మరిచి, దాని బదులు ఏదో కీలో 1 పెట్టే వాక్యంతో ముగించినా ఇదే ఎర్రర్ వస్తుంది. చివరి వాక్యం విలువే సబ్‌రొటీన్ ఫలితం కదా.

మిగతా ఎర్రర్లూ ఇలాగే నిజాయితీగా మాట్లాడతాయి. అన్‌డిఫైన్డ్ విలువ మీద మెథడ్ పిలిచారంటే, అంతకుముందు పిలిచింది ఏదో ఖాళీ చేతులతో తిరిగొచ్చిందని. బ్లెస్ కాని రిఫరెన్స్ మీద పిలిచారంటే కన్‌స్ట్రక్టర్‌లో బ్లెస్ లేదని, లేదా జేసన్ నుంచి విప్పిన ఉత్త హ్యాష్‌ను ఆబ్జెక్టు అనుకున్నారని. క్లాసు పేరును హ్యాష్ రిఫరెన్సుగా వాడలేను అని స్ట్రిక్ట్ అడ్డుపడిందంటే ఆబ్జెక్టు మీద పిలవాల్సిన మెథడ్‌ను క్లాసు మీద పిలిచారని. స్ట్రిక్ట్ లేని పాత కోడ్‌లో ఈ చివరి తప్పు ఏ అరుపూ లేకుండా ఎవరికీ తెలియని ఒక గ్లోబల్ హ్యాష్‌లో విలువలు రాసుకుంటూ పోతుంది. స్ట్రిక్ట్ వద్దనేవాళ్ళతో వాదన ఇక్కడితో ఆపేయొచ్చు.

అసలు చిక్కు కన్‌స్ట్రక్టర్‌ను వారసత్వంగా తీసుకున్నప్పుడు వస్తుంది. బ్లెస్‌ను ఇంటిపేరు పెట్టడంతో పోల్చొచ్చు: హ్యాష్ అదే హ్యాష్, దానికి ఒక ఇంటిపేరు తగిలింది, ఇకపై ఎవరు ఏ పని అడిగినా ముందు ఆ ఇంట్లో వెతుకుతారు. బ్లెస్‌కు ఒకే ఆర్గ్యుమెంటు ఇస్తే పెర్ల్ ఆ లైను ఏ ప్యాకేజీలో రాసి ఉందో ఆ ఇంటిపేరే పెట్టేస్తుంది. తల్లి క్లాసు రచయిత అలా రాశాడనుకోండి. పిల్ల క్లాసు పేరు మీద «న్యూ» పిలిచినా పుట్టేది తల్లి క్లాసు ఆబ్జెక్టే. తల్లికి ఉన్న మెథడ్లన్నీ చక్కగా పనిచేస్తాయి కాబట్టి కొంతసేపు ఎవరికీ అనుమానం రాదు. పిల్లకే సొంతమైన మెథడ్‌ను మొదటిసారి పిలిచినప్పుడు ఎర్రర్ వస్తుంది, అందులో ప్యాకేజీ పేరుగా తల్లి పేరు కనిపిస్తుంది. ఆ ఒక్క పేరు చదివితే చాలు, కారణం తెలిసిపోతుంది. మందు కూడా ఒక్క మాటే: «బ్లెస్ $సెల్ఫ్, $క్లాస్».

ఈ తప్పుకే మారువేషాలు రెండున్నాయి. బ్లెస్‌లో తల్లి పేరును కొటేషన్లలో నేరుగా రాయడం ఒకటి. పిల్ల కన్‌స్ట్రక్టర్‌లో «$క్లాస్->సూపర్::న్యూ» అనకుండా తల్లి పేరుతో «న్యూ» పిలిచి, వచ్చినదాన్ని మళ్ళీ తన పేరుతో బ్లెస్ చేయడం రెండోది. రెండోది పైకి పనిచేస్తుంది, పెర్ల్ మళ్ళీ బ్లెస్ చేయనిస్తుంది కూడా. కానీ తల్లి కన్‌స్ట్రక్టర్ నడిచేంతసేపూ ఆబ్జెక్టు ఇంకా తల్లిదే. దాని లోపల పిలిచే మెథడ్లలో పిల్ల తిరగరాసినవి ఒక్కటీ పలకవు.

పాత పుస్తకాల్లో «రెఫ్($ప్రోటో) || $ప్రోటో» అనే వాడుక కనిపిస్తుంది. ఆబ్జెక్టు మీద «న్యూ» పిలిచినా దాని క్లాసును పట్టుకుని కొత్త ఆబ్జెక్టు చేయడానికి. ఎన్నో ఏళ్ళు దీన్ని మంత్రంలా కాపీ కొట్టారు. నా మటుకు దీన్ని తీసేయడమే మంచిది. ఆబ్జెక్టు మీద «న్యూ» పిలిస్తే కొత్తది వస్తుందా, నకలు వస్తుందా అన్నది చదివేవాడికి తెలియదు. నకలు కావాలంటే «క్లోన్» అనే మెథడ్ రాసుకోవచ్చు. 2012 లో వచ్చిన 5.16 లో పాత ఆబ్జెక్టు పాఠాలను పక్కనపెట్టి «పెర్ల్ఊట్యూట్» అనే కొత్త పాఠం చేర్చారు. ఇంకా పాత పాఠాలు చదివి నేర్చుకుంటున్నవాళ్ళు దానికి మారడం మేలు.

తల్లి ఎవరో చెప్పే వేళ

«@ఈజ్‌ఎ» ఒక మామూలు ప్యాకేజీ వేరియబుల్. ఇక్కడ కాచుకున్న మొదటి గొయ్యి «మై». స్ట్రిక్ట్ కింద ఉత్తినే «@ఈజ్‌ఎ» అని రాస్తే పెర్ల్ ఒప్పుకోదు. ఎర్రర్ నోరు మూయించడానికి ముందు «మై» తగిలిస్తే ఎర్రర్ పోతుంది, దాంతోపాటు వారసత్వమూ పోతుంది. ఎందుకంటే మెథడ్ వెతుకులాట చూసేది ప్యాకేజీ వేరియబుల్‌నే, లెక్సికల్‌ను కాదు. «అవర్» అని రాయాలి.

రెండోది వేళ. ఆ అర్రేకు విలువ ఇచ్చే వాక్యం రన్ టైమ్‌లో నడుస్తుంది. ఒకే ఫైలులో పైన ప్రధాన ప్రోగ్రాము, కింద క్లాసులు రాసుకుంటే, పైభాగం నడిచేటప్పటికి కింది క్లాసులకు తల్లులే లేరు. సబ్‌రొటీన్లు కంపైల్ అయిపోయాయి కాబట్టి సొంత మెథడ్లు పలుకుతాయి, వారసత్వంగా రావాల్సినవి పలకవు. ఆ అసైన్‌మెంట్‌ను «బిగిన్» బ్లాకులో పెట్టాలి, లేదా ఆ పనిని కంపైల్ సమయంలోనే చేసే «యూజ్ పేరెంట్» వాడాలి. 5.10.1 నుంచి అది పెర్ల్‌తోనే వస్తోంది. అయితే అది తల్లి పేరుతో ఫైలు కోసం వెతుకుతుంది. తల్లి క్లాసు అదే ఫైలులో ఉంటే ఫైలు దొరకలేదని అంటుంది; అప్పుడు «-నోరిక్వైర్» అని చెప్పాలి. దానికంటే పాతదైన «యూజ్ బేస్» ఈ విషయంలో మరీ తెలివి ప్రదర్శిస్తుంది: ఫైలు లేకపోయినా ప్యాకేజీలో ఏదో ఉందనిపిస్తే ఊరుకుంటుంది. తెలివి తక్కువగా ఉండి అరిచే పనిముట్టే నయం.

ఫైలు పేరూ ప్యాకేజీ పేరూ వేరైతే కూడా ఇదే తంతు. ఫైలును లోడ్ చేయడానికి దాని పేరు చాలు. లోపల ప్యాకేజీ పేరులో ఒక అక్షరం తప్పినా «యూజ్» నోరు మెదపదు. పైగా «యూజ్» తర్వాత పిలిచే «ఇంపోర్ట్» మెథడ్ లేకపోయినా పెర్ల్ మౌనంగా దాటేస్తుంది, «ఇంపోర్ట్», «అన్‌ఇంపోర్ట్» మెథడ్లకే ఆ మినహాయింపు. విండోస్, మాక్ లాంటి చోట్ల ఫైలు పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా మామూలుగా పట్టింపు ఉండదు. కాబట్టి అక్కడ నడిచిన కోడ్ లినక్స్ సర్వర్‌కు వెళ్ళగానే కూలబడుతుంది. ఇక సరైన పేరే ఉండి, పాత కాపీ లోడ్ అవుతుంటే? మనం దిద్దిన ఫైలు ఒకచోట, సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ అయినది ఇంకోచోట. ఎన్ని మార్పులు చేసినా ఫలితం మారదు. «%ఇన్క్» హ్యాష్‌ను ఒకసారి ప్రింట్ చేస్తే ఏ దారి నుంచి వచ్చిందో బయటపడుతుంది. 2017 నాటి 5.26 నుంచి వెతికే దారుల్లో ప్రస్తుత డైరెక్టరీ లేదు. భద్రత కోసం తీసేశారు. అంతకుముందు పక్కన పడేసిన ఫైలుతో నడిచిన స్క్రిప్టులు చాలా అప్పుడే ఆగిపోయాయి.

సూపర్ ఎవరి తల్లిని పిలుస్తుంది?

ఈ మొత్తం విషయంలో నిదానంగా చూడాల్సింది «సూపర్»ను. దాన్ని అందరూ ఆబ్జెక్టు తాలూకు తల్లి అనుకుంటారు. కాదు. సబ్‌రొటీన్ ఏ ప్యాకేజీలో ఉండగా కంపైల్ అయిందో ఆ ప్యాకేజీ తల్లి. ఇది తప్పు కాదు, ఇలాగే ఉండాలి. ఆబ్జెక్టును బట్టి వెతికేట్టయితే, మూడు తరాల వారసత్వంలో మధ్యదాని మెథడ్ «సూపర్» అన్న ప్రతిసారీ మళ్ళీ తననే పిలుచుకుంటూ అంతులేకుండా తిరుగుతుంది.

కానీ దీని పర్యవసానాలు విచిత్రంగా ఉంటాయి. ఎవరిదో మాడ్యూల్‌లో ఒక మెథడ్‌ను మన స్క్రిప్టు నుంచి మార్చాలనుకుని, ఆ ప్యాకేజీ పేరుకు ఒక అనామక సబ్‌ను తగిలించాం. అందులో «$సెల్ఫ్->సూపర్::సేవ్» అన్నాం. ఆ సబ్ కంపైల్ అయింది మన «మెయిన్» ప్యాకేజీలో. కాబట్టి పెర్ల్ మెయిన్ తల్లి కోసం చూస్తుంది. మెయిన్‌కు తల్లి లేదు. ఎర్రర్‌లో మెయిన్ పేరు కనపడుతుంది. ఆ పేరు చదవనివాళ్ళు ఆబ్జెక్టు పాడైందనుకుని కన్‌స్ట్రక్టర్‌ను తవ్వుతారు. ఒక మాడ్యూల్‌లో రాసిన మెథడ్లను నాలుగు క్లాసుల్లోకి ఎగుమతి చేసి వాడుకునే పద్ధతిలోనూ ఇదే జరుగుతుంది: అతిథిగా వచ్చిన సబ్ తన పుట్టింటి తల్లినే వెతుకుతుంది.

దీనికి దారులున్నాయి. సబ్‌ను నిర్వచించే బ్లాకులో ముందుగా సరైన ప్యాకేజీ ప్రకటన పెట్టడం సులువు. పాత మెథడ్‌ను ఒక వేరియబుల్‌లో పట్టుకుని కొత్తదాని లోపల పిలవడం ఇంకోటి. అయితే దాన్ని పట్టుకునేటప్పుడు ఆ క్లాసు మీద «క్యాన్» అడిగి తీసుకోవాలి. పేరు ముందు బ్యాక్‌స్లాష్, ఆంపర్‌శాండ్ పెట్టి తీసుకుంటే, ఆ మెథడ్ క్లాసు సొంతం కాక వారసత్వంగా వచ్చినదైతే చేతికొచ్చేది నిర్వచనం లేని ఉత్త బొమ్మ. సీప్యాన్‌లోని «క్లాస్::మెథడ్::మాడిఫైయర్స్» ఈ పనిని శుభ్రంగా చేసి పెడుతుంది.

ఇద్దరు తల్లులున్నప్పుడు సంగతి ముదురుతుంది. ఒక మూల క్లాసు, దానికి ఇద్దరు పిల్లలు, ఆ ఇద్దరికీ కలిపి ఒక మనవరాలు. వజ్రం ఆకారం అంటారు దీన్ని. పెర్ల్ సహజంగా లోతుకు ముందు వెళుతుంది: మనవరాలు, మొదటి తల్లి, వెంటనే మూలం, ఆ తర్వాతే రెండో తల్లి. అంటే మూలంలోని మెథడ్‌ను రెండో తల్లి ఎంతో శ్రమపడి తిరగరాసినా, మొదటి తల్లి రాయకపోతే, దొరికేది మూలంలోని పాతదే. మొదటి తల్లిలో «సూపర్» అన్నా అది పక్కనున్న రెండో తల్లిని పలకరించదు, పైకే పోతుంది. 2007 డిసెంబరులో వచ్చిన 5.10 దీనికి సి3 అనే వరుసను భాషలోకి తెచ్చింది. «యూజ్ ఎంఆర్‌ఓ 'సి3'» అంటే మూలం అందరికంటే చివరికి జరుగుతుంది. «సూపర్» బదులు «నెక్స్ట్::మెథడ్» వాడితే వరుసలో తర్వాతివారికి పిలుపు వెళుతుంది.

రెండు షరతులు. గొలుసులో ఉన్న ప్రతి ఒక్కరూ «నెక్స్ట్::మెథడ్»నే వాడాలి. మధ్యలో ఒక్కరు «సూపర్» అన్నా గొలుసు అక్కడ తెగుతుంది. పైగా «నెక్స్ట్::మెథడ్» తనను చుట్టి ఉన్న సబ్ పేరును చూసి తర్వాతిది వెతుకుతుంది కాబట్టి, పేరులేని సబ్‌ను మెథడ్‌గా తగిలిస్తే అందులో పనిచేయదు. ఇన్ని షరతులు గుర్తుపెట్టుకోవడం కంటే ఇద్దరు తల్లుల ఏర్పాటునే మానుకోవడం మేలని నా అభిప్రాయం. పెర్ల్‌లో బహుళ వారసత్వం నిజంగా అవసరమైన చోట్లు నాకు చాలా అరుదుగా కనిపించాయి.

అరవని తప్పులు

ఇంతవరకూ చెప్పినవి ఎక్కువగా ఏదో ఒక ఎర్రర్‌తో బయటపడేవి. భయపడాల్సింది నోరు విప్పని వాటికి.

వెబ్ పేజీలు తెచ్చే «ఎల్‌డబ్ల్యూపీ::యూజర్‌ఏజెంట్»ను తల్లిగా పెట్టుకుని ఒక పిల్ల క్లాసు రాశామనుకుందాం. కాష్ ఎన్ని నిమిషాలు ఉంచాలో గుర్తుపెట్టుకోవడానికి $సెల్ఫ్ హ్యాష్‌లో «టైమవుట్» అనే కీలో 5 పెట్టాం. తల్లి కూడా సర్వర్ జవాబు కోసం ఆగే సమయాన్ని సరిగ్గా ఆ కీలోనే దాచుకుంటుంది, సెకన్లలో, మామూలుగా 180. ఇప్పుడు అది 5 సెకన్లయింది. నెమ్మదిగా పలికే సైట్లు అప్పుడప్పుడు విఫలమవుతాయి. నెట్‌వర్క్ వాళ్ళ మీద ఫిర్యాదు వెళుతుంది. హ్యాష్ ఉమ్మడి ఆస్తి, అందులో తల్లీపిల్లల గదులకు గోడలు లేవు. కీల ముందు క్లాసు పేరు తగిలించుకోవడం మొరటు ఉపాయమే కానీ పనిచేస్తుంది. డేమియన్ కాన్వే 2005 నాటి పుస్తకం «పెర్ల్ బెస్ట్ ప్రాక్టీసెస్»లో డేటాను ఆబ్జెక్టు బయట దాచే ఇన్‌సైడ్-అవుట్ పద్ధతిని గట్టిగా సిఫారసు చేశాడు. కొన్నాళ్ళు చాలామంది ఆ బాట పట్టారు. కానీ డీబగ్గర్‌లో ఆబ్జెక్టును తెరిస్తే లోపల ఏమీ కనపడకపోవడం వల్లనేమో, ఆ మోజు నిలవలేదు.

మెథడ్ల పేర్లకూ ఇదే గతి. పేరు ముందు అండర్‌స్కోర్ పెడితే ప్రైవేట్ అన్నది మర్యాద మాత్రమే, చట్టం కాదు. తల్లి తన లోపలి పనికి «_ఇనిట్» రాసుకుంది, పిల్ల కూడా తెలియక అదే పేరు వాడింది; తల్లి కన్‌స్ట్రక్టర్ పిలిచేది ఇప్పుడు పిల్లదాన్ని. ఇలాంటి లోపలి సబ్‌ను లెక్సికల్ వేరియబుల్‌లో పెట్టి «$సెల్ఫ్->$సబ్» అని పిలిస్తే ఎవరూ తిరగరాయలేరు.

బయటినుంచి తెచ్చుకున్న ఫంక్షన్లు మెథడ్లుగా మారడం మరో కనపడని తప్పు. ప్యాకేజీలో ఉన్న ప్రతి సబ్బూ మెథడే అన్న నియమం ఇంపోర్ట్ చేసినవాటికీ వర్తిస్తుంది. తల్లికి «మ్యాక్స్» అనే మెథడ్ ఉంది. పిల్ల తన లెక్కల కోసం «లిస్ట్::యుటిల్» నుంచి «మ్యాక్స్» తెచ్చుకుంది. ఇకపై పిల్ల ఆబ్జెక్టు మీద «మ్యాక్స్» అంటే పలికేది లిస్ట్::యుటిల్. మెథడ్ పిలుపుల్లో ప్రోటోటైపు లెక్కలోకి రాదు కాబట్టి ఎర్రరూ రాదు, తిరిగొచ్చేది మాత్రం మనం అడిగిన గరిష్ఠ విలువ కాదు. «నేమ్‌స్పేస్::క్లీన్» అనే మాడ్యూల్ ఇలాంటి అతిథులను కంపైల్ అయ్యాక పంపించేస్తుంది. క్లాసు అనేది ఎక్స్‌పోర్టర్‌ను తల్లిగా పెట్టుకోవడం కూడా ఇలాంటి అజాగ్రత్తే. దాని «ఇంపోర్ట్»ను మాత్రం తెచ్చుకుంటే చాలు.

ఆపరేటర్ ఓవర్‌లోడింగ్‌లో ఒక చిన్న తేడా పెద్ద ఫలితాన్నిస్తుంది. ఆబ్జెక్టును స్ట్రింగుగా మార్చే పనిని సబ్ రిఫరెన్సుగా ఇస్తే తల్లి సబ్బే శాశ్వతం. పిల్ల తిరగరాసినా ఎవరూ పిలవరు. దాన్నే మెథడ్ పేరుగా, కొటేషన్లలో ఇస్తే పెర్ల్ ప్రతిసారీ పేరుతో వెతుకుతుంది, పిల్లది దొరుకుతుంది. ఎక్కడైనా ఇదే సూత్రం: సబ్ రిఫరెన్స్ అంటే నిర్ణయం అయిపోయింది, పేరు అంటే నిర్ణయం ఇంకా మిగిలి ఉంది.

«హెచ్‌టీఎంఎల్::పార్సర్»ను తల్లిగా పెట్టుకునేవాళ్ళు పడే గొయ్యి నాకు ప్రత్యేకంగా ఇష్టం, ఎందుకంటే తప్పు వాళ్ళది కాదు. ఆర్గ్యుమెంట్లు లేకుండా «న్యూ» పిలిస్తే ఆ మాడ్యూల్ పాత పద్ధతిలో నడిచి, పిల్ల రాసిన «స్టార్ట్», «ఎండ్», «టెక్స్ట్» మెథడ్లను పేరుతో పిలుస్తుంది. ఏదో ఒక ఆప్షన్ ఇద్దామని ఒక్క ఆర్గ్యుమెంటు చేర్చామో, వెర్షన్ 3 పద్ధతికి మారిపోయి ఆ మెథడ్లను పట్టించుకోదు. ప్రోగ్రాము మొత్తం నడుస్తుంది, ఫలితం ఖాళీ.

మెథడ్ తిరిగిచ్చేది జాబితానా, ఒక్క విలువా అన్నది పిలిచిన చోటును బట్టి మారడం పెర్ల్ ప్రత్యేకత. హ్యాష్ కట్టే బ్రాకెట్ల మధ్య మెథడ్‌ను పిలిస్తే అది జాబితా సందర్భం. ఏమీ తిరిగివ్వకపోతే తర్వాతి కీలు ఒక అడుగు వెనక్కి జరుగుతాయి, ఎక్కువ ఇస్తే కొత్త కీలు దూరుతాయి. 2014 లో మొజిల్లా వారి బగ్జిల్లాలో బయటపడ్డ భద్రతా లోపం సరిగ్గా ఇదే. ఖాతా తెరిచే చోట అసలు పేరు కోసం పిలిచిన «పారమ్» మెథడ్ జాబితా సందర్భంలో ఉంది. అదే ఫీల్డును మూడుసార్లు, మధ్యదానిలో లాగిన్ పేరు కీని పెట్టి పంపితే, ధ్రువీకరించని ఈమెయిల్ చిరునామాతో ఖాతా తెరవగలిగారు. ముందు «స్కేలర్» అన్న ఒక్క మాట ఉంటే సరిపోయేది.

ఇక ఆటోలోడ్. దొరకని ప్రతి మెథడ్‌నూ పట్టే ఈ వల అక్షరదోషాలను కూడా పడుతుంది, «డిస్ట్రాయ్» పిలుపును కూడా పడుతుంది. ఆటోలోడ్ ద్వారా పలికే మెథడ్ గురించి «క్యాన్» అడిగితే లేదంటుంది. కొత్త కోడ్‌లో దాన్ని వాడకండి. డిస్ట్రాయ్ గురించి ఒక్క మాట: పిల్ల దాన్ని తిరగరాస్తే తల్లిది దానంతటదే నడవదు, «సూపర్» ద్వారా మనమే పిలవాలి.

క్లాసు పేరుకు ముందు «న్యూ» పెట్టి జావా, సీ++ పద్ధతిలో రాసే అలవాటు కూడా చాలా తలనొప్పులకు మూలం. అక్కడ పెర్ల్ అది మెథడ్ పిలుపో ఫంక్షన్ పిలుపో ఊహించాలి. ప్యాకేజీలో అప్పటికే «న్యూ» అనే సబ్ ఉంటే ఆ ఊహ తప్పొచ్చు. 5.32 లో దీన్ని ఆపే వీలు వచ్చింది. «యూజ్ వి5.36» అంటే దానంతటదే ఆగిపోతుంది. బాణం గుర్తునే వాడండి, ఇందులో రెండో మాట లేదు.

పనిముట్లు

మెథడ్‌ను రన్ టైమ్‌లో వెతుకుతుంది కాబట్టి «పెర్ల్ -సి» తో కంపైల్ పరీక్ష చేసినా ఇవేవీ దొరకవు. మొదట్లో చెప్పిన మూడు ప్రశ్నలకూ మూడు జవాబులున్నాయి. ఏ ప్యాకేజీలోకి బ్లెస్ అయిందో «రెఫ్» చెబుతుంది. వెతుకులాట ఏ వరుసలో సాగుతుందో «ఎంఆర్‌ఓ::గెట్_లీనియర్_ఈసా» చూపిస్తుంది. «క్యాన్» ఇచ్చిన రిఫరెన్సును 5.22 నుంచి పెర్ల్‌తోనే వచ్చే «సబ్::యుటిల్» లోని «సబ్‌నేమ్»కు ఇస్తే ఆ సబ్ పుట్టిల్లు ఏదో బయటపడుతుంది. పైన చెప్పిన «మ్యాక్స్» దొంగను పట్టించేది ఇదే. ఫైలు సంగతి «%ఇన్క్» దగ్గర. డీబగ్గర్‌లో «ఎం» అంటే ఆబ్జెక్టుకున్న మెథడ్లన్నీ, «ఐ» అంటే వంశవృక్షం కనిపిస్తాయి. «పెర్ల్::క్రిటిక్» లో ఒక ఆర్గ్యుమెంటు బ్లెస్‌ను, నేరుగా «@ఈజ్‌ఎ» రాయడాన్ని, ఆటోలోడ్‌ను, క్లాసు ముందు «న్యూ» వాడకాన్ని పట్టించే నియమాలు విడివిడిగా ఉన్నాయి. హైదరాబాద్, బెంగళూరు చిప్ డిజైన్ బృందాల్లో చేరిన కొత్తవాళ్ళకు ఎవరో ఎప్పుడో రాసి వదిలిన పెర్ల్ స్క్రిప్టులు ఇప్పటికీ చేతికొస్తుంటాయి. వాటిలో క్లాసులు కనిపిస్తే మొదటిరోజే ఆ నియమాలతో జల్లెడ పట్టడం మంచిది.

మూస్ నుంచి క్లాస్ దాకా

2006 లో స్టీవన్ లిటిల్ తెచ్చిన మూస్ అనే ఆబ్జెక్టు వ్యవస్థ ఈ తప్పుల్లో చాలావాటిని పుట్టకముందే చంపింది. లేని మెథడ్ చుట్టూ «అరౌండ్» కడితే లోడ్ అయ్యేటప్పుడే ఆగిపోతుంది. అది నిజమైన లాభం. దాని తేలికపాటి తమ్ముడు మూ కూడా చిన్న ప్రాజెక్టులకు చక్కగా సరిపోతుంది. మూస్‌లో ఎక్కువమంది పడే గొయ్యి పాత అలవాటుతో సొంత «న్యూ» రాయడం. అలా చేస్తే ఆట్రిబ్యూట్ల తనిఖీ, «బిల్డ్» వరుస అన్నీ పక్కకు పోతాయి; రాయాల్సింది «బిల్డ్», «బిల్డ్‌ఆర్గ్స్». మూస్‌లో క్లాసుల్లోకి కలుపుకునే మెథడ్ల గుంపులైన రోల్స్‌లో ఇంకో మౌనం ఉంది: రోల్ ఇచ్చే మెథడ్ పేరుతోనే క్లాసులో ఒకటుంటే క్లాసుదే గెలుస్తుంది, ఏ హెచ్చరికా లేకుండా.

2023 జూలైలో వచ్చిన 5.38 తో «క్లాస్» కీవర్డ్ భాషలోకే వచ్చింది. కర్టిస్ పో నడిపిన కొరిన్నా అనే రూపకల్పన నుంచి పుట్టింది, పెర్ల్‌లోకి చేర్చింది పాల్ ఎవాన్స్. ఫీల్డులు లెక్సికల్ కాబట్టి తల్లీపిల్లల కీలు ఢీకొనే ప్రశ్నే లేదు. $సెల్ఫ్ దానంతటదే వస్తుంది, బ్రాకెట్ల గొడవ పోయింది. ఇలాంటి క్లాసులోకి బ్లెస్ చేయబోతే పెర్ల్ ఒప్పుకోదు. తల్లి ఒక్కరే. 2025 నాటి 5.42 లో బయటివాళ్ళు తిరగరాయలేని లెక్సికల్ మెథడ్లు కూడా వచ్చాయి. «_ఇనిట్» బాధకు ముప్పై ఏళ్ళ తర్వాత దొరికిన మందు అది.

ఇది సరైన దారే అని నా తీర్పు, కానీ పాత ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోగలిగేంత కాదు. «:ఈసా» తో తల్లిగా పెట్టుకునేది కూడా కొత్త పద్ధతి క్లాసే అయి ఉండాలి. యూజర్‌ఏజెంట్ లాంటి హ్యాష్ ఆబ్జెక్టులను ఇక్కడినుంచి వారసత్వంగా తీసుకోలేం, లోపల ఒక ఫీల్డుగా ఉంచుకుని పిలుపులు దాటించాలి. కొత్తగా మొదలయ్యే పనికైతే వాడి చూడండి. నడుస్తున్న పాత కోడ్‌కు మాత్రం బ్లెస్‌కు రెండు ఆర్గ్యుమెంట్లు, «యూజ్ పేరెంట్», ప్రతి తల్లి క్లాసుకూ ఒక ఖాళీ పిల్ల క్లాసుతో తల్లి పరీక్షలన్నీ మళ్ళీ నడిపే ఒక టెస్టు ఫైలు చాలు. ఆ ఖాళీ పిల్ల తల్లిలాగే అన్నిటికీ పలికితేనే మీ మాడ్యూల్‌ను ఇతరులు వారసత్వంగా తీసుకోవచ్చని చెప్పండి. «క్లాస్» 5.42 లోనూ ఇంకా ప్రయోగదశలోనే ఉంది.